ఒళ్ళునొప్పులకు పథ్యం ఎంతవరకు? ఫైబ్రోమయాల్జియా, ఆహారం: ఆధారాల పరిశీలన

సారాంశం

ఫైబ్రోమయాల్జియాను నయం చేస్తుందని రుజువైన ఆహారం ఇంతవరకు ఏదీ లేదు. అయితే నాలుగు దారుల్లో ఆహారం కొందరికి ఊరటనిస్తుందని చిన్న అధ్యయనాలు సూచిస్తున్నాయి. పోషక లోపాలను సరిదిద్దడం, పేగుల ఇబ్బందిని తగ్గించడం, బరువు ఎక్కువగా ఉన్నవారు కొంత తగ్గడం, నిద్రను చెడగొట్టే అలవాట్లు మార్చుకోవడం అనేవి ఆ దారులు. 2000 నుంచి 2025 వరకు వచ్చిన ముఖ్యమైన అధ్యయనాలను ఈ వ్యాసం పరిశీలించి, వాటి ఫలితాలు తెలుగువారి భోజనానికి ఎంతవరకు వర్తిస్తాయో చూస్తుంది. ప్రధాన వాదన ఒక్కటే. నొప్పితో ఉన్న మనిషి కంచంలోంచి ఏదైనా తీసేయమని చెప్పేవారే అందుకు రుజువు చూపాలి. చూపలేనప్పుడు అది కంచంలోనే ఉండాలి.

1. జబ్బు స్వరూపం

నెలల తరబడి ఒళ్ళంతా నొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట, తెల్లారి లేచేసరికి బిగుసుకుపోయిన ఒళ్ళు, మనసు ఒకచోట నిలవకపోవడం, మతిమరుపు. ఇవి ఫైబ్రోమయాల్జియా ప్రధాన లక్షణాలు. ప్రపంచ జనాభాలో సుమారు 2 నుంచి 4 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. బాధితుల్లో ఆడవారే ఎక్కువ. రక్తపరీక్షల్లో వాపు సూచికలు మామూలుగానే ఉంటాయి, ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. అందుకే చాలామంది ఏళ్ళ తరబడి ‘నరాల బలహీనత’ అన్న మాటతో సరిపెట్టుకుంటారు. ఇంట్లోవాళ్ళు నమ్మకపోవడం అనే రెండో బాధ కూడా వారిమీద పడుతుంది.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1990లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఒంటిమీద గుర్తించిన 18 చోట్ల నొక్కి చూసి, కనీసం 11 చోట్ల నొప్పి ఉంటే జబ్బును నిర్ధారించేవారు. 2010లో ఆ పద్ధతి మారింది. నొప్పి ఎన్ని భాగాలకు పాకిందో, అలసట, నిద్ర, ఆలోచన ఎంత దెబ్బతిన్నాయో లెక్కించే కొలతలు వచ్చాయి. 2016లో వాటిని మళ్ళీ సవరించారు. కండరం గానీ కీలు గానీ దెబ్బతినకపోయినా నొప్పిని గ్రహించే నాడీవ్యవస్థే అతిగా స్పందించే స్థితికి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో ‘నోసిప్లాస్టిక్’ నొప్పి అని పేరు పెట్టింది. ఫైబ్రోమయాల్జియా దానికి ముఖ్యమైన ఉదాహరణ. అంటే ఈ నొప్పి ఊహ కాదు, సోమరితనం అంతకన్నా కాదు.

రుమటాలజీ నిపుణుల యూరోపియన్ సంఘం యూలార్ 2017లో ప్రచురించిన మార్గదర్శకాల్లో బలంగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. మందులకు కూడా అంత గట్టి సిఫారసు దక్కలేదు. ఆహారం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వ్యాయామానికీ వైద్యానికీ ఆహారం తోడు మాత్రమే, వాటి స్థానంలోకి రాలేదు.

2. ఆహార పరీక్షల్లో ఉన్న చిక్కు

మందును పరీక్షించేటప్పుడు అసలు మాత్ర ఎవరికి ఇచ్చారో, ఉత్తి మాత్ర ఎవరికి ఇచ్చారో రోగికి తెలియకుండా చూడవచ్చు. ఆహారం విషయంలో అది దాదాపు అసాధ్యం. గోధుమలు మానేసినవారికి మానేశామని తెలుసు, తగ్గుతుందన్న ఆశ కూడా ఉంటుంది. నొప్పి విషయంలో ఆ ఆశకే గణనీయమైన ప్రభావం ఉంటుందని మందుల పరీక్షల్లో చాలాసార్లు తేలింది.

రెండో చిక్కు జబ్బు తీరులోనే ఉంది. ఫైబ్రోమయాల్జియా కొన్ని వారాలు ముదిరి, కొన్ని వారాలు తగ్గుముఖం పడుతుంది. బాధ బాగా ముదిరినప్పుడే ఎవరైనా పథ్యం మొదలుపెడతారు. ఆ తర్వాత దానంతటదే తగ్గే భాగం కూడా పథ్యం ఖాతాలో పడుతుంది. అందుకే పోల్చి చూసే రెండో బృందం లేని అధ్యయనాన్ని సూచనగా తీసుకోవాలి తప్ప రుజువుగా కాదు. ఈ రంగంలో చాలా అధ్యయనాలు అలాంటివే. పాల్గొన్నవారు కూడా తరచు వంద లోపే. వీటన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు 2019లోనూ 2020లోనూ వచ్చాయి. ఆధారాల నాణ్యత తక్కువగా ఉందనీ, ఫలానా ఆహారమే తినాలని చెప్పడానికి అది చాలదనీ అవి తేల్చాయి.

3. శాకాహారం

ఫిన్లాండ్‌లో 2000లో ప్రచురితమైన అధ్యయనంలో 18 మంది మూడు నెలలపాటు ఉప్పు తక్కువగా, వండని శాకాహారం తిన్నారు. మరో 15 మంది తమ మామూలు భోజనమే చేశారు. మొదటి బృందంలో నొప్పి, బిగుసుకుపోవడం తగ్గాయి, నిద్ర మెరుగైంది. పాత భోజనానికి తిరిగి వెళ్ళాక ఆ మేలు నిలవలేదు. అయితే ఎవరు ఏ బృందంలో ఉండాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించలేదు.

అదే ఏడాది బంగ్లాదేశ్ నుంచి వచ్చిన అధ్యయనం మనకు మరింత దగ్గరిది. అక్కడ 78 మందిలో కొందరికి శాకాహారం, మిగతావారికి అమిట్రిప్టిలిన్ మందు ఇచ్చి పోల్చారు. శాకాహార బృందంలో నొప్పి కొంత తగ్గింది గానీ మందు ఇచ్చినవారిలో తగ్గినంత కాదు. అలసట, నిద్రలేమి వంటివాటిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. చికిత్సగా శాకాహారం బలహీనమైనదని ఆ పరిశోధకులు తేల్చారు. పుట్టుకతో శాకాహారులైన కుటుంబాల్లోనూ ఈ జబ్బు వస్తుంది. కాబట్టి మాంసం మానడాన్నే మందుగా చెప్పడానికి ఈ ఆధారాలు చాలవు. కూరగాయలు, పండ్లు పెంచడం మాత్రం అందరికీ మంచిదే, దానికి ఈ జబ్బుతో పనిలేదు.

4. గ్లూటెన్

గోధుమ, బార్లీలలో ఉండే మాంసకృత్తుల సముదాయం గ్లూటెన్. దాన్ని మానేస్తే నొప్పులు పోతాయన్న మాట బాగా వ్యాపించింది. స్పెయిన్‌లో గ్లూటెన్ మాని మెరుగుపడిన 20 మంది వివరాలు 2014లో ప్రచురితమయ్యాయి. కానీ అందులో బాగుపడినవారినే ఎంచి చెప్పారు, బాగుపడనివారి లెక్క లేదు.

దీనికన్నా మెరుగైన పరీక్ష కూడా స్పెయిన్‌లోనే, గ్రనడాలో జరిగి 2017లో వెలువడింది. గ్లూటెన్ పడదేమో అనిపించే లక్షణాలున్న 75 మంది ఫైబ్రోమయాల్జియా రోగులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలు చేశారు. ఒక బృందం 24 వారాలు గ్లూటెన్ మానింది, రెండో బృందం కేలరీలు తగ్గించి తిన్నది. రెండు బృందాలూ కొంత మెరుగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. భోజనంమీద శ్రద్ధ పెట్టడం వల్లనో, బరువు తగ్గడం వల్లనో, ఆశ వల్లనో మేలు కలిగి ఉండవచ్చు. దాన్ని గ్లూటెన్‌కే ముడిపెట్టడానికి ఈ పరీక్ష ఆధారం ఇవ్వలేదు.

సీలియాక్ జబ్బు ఉన్నవారి సంగతి వేరు. వారికి గ్లూటెన్ నిజంగానే పేగులను దెబ్బతీస్తుంది, వారు జీవితాంతం మానాల్సిందే. అందువల్ల అనుమానం ఉంటే గోధుమలు మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేసిన కొన్నాళ్ళకు పరీక్షలో జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు.

5. పేగులు, ఫాడ్‌మ్యాప్ ఆహారం

ఫైబ్రోమయాల్జియా ఉన్న చాలామందిలో కడుపు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, ఒకరోజు విరేచనాలు మరోరోజు మలబద్ధకం కనిపిస్తాయి. దీన్ని ఐబీఎస్ అంటారు. చిన్నపేగులో సరిగా ఇంకక, పెద్దపేగులో పులిసి గాలి పుట్టించే కొన్ని రకాల పిండిపదార్థాలను ఫాడ్‌మ్యాప్‌లు అంటారు. వాటిని తగ్గించే పద్ధతిని ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం ఐబీఎస్ కోసం రూపొందించింది.

పోర్చుగల్‌లో 38 మంది మహిళలు ఈ పద్ధతిని నాలుగు వారాలు పాటించగా కడుపు బాధతోపాటు ఒళ్ళునొప్పులు కూడా తగ్గాయని 2016లో తెలిపారు. అందులో పోల్చడానికి రెండో బృందం లేదు. 2022లో అదే దేశం నుంచి 46 మంది మహిళలతో మెరుగైన పరీక్ష వచ్చింది. వాపును తగ్గిస్తుందని చెప్పే, ఫాడ్‌మ్యాప్‌లు కూడా తగ్గించిన ఆహారం తీసుకున్నవారికి, సాధారణ ఆరోగ్య సలహాలు పాటించినవారికన్నా నొప్పి, అలసట, కడుపు బాధ ఎక్కువ తగ్గాయి. రక్తంలోని వాపు సూచికలు మాత్రం మారలేదు. కాబట్టి ‘ఒంట్లో వాపును తగ్గించే ఆహారం’ అన్న వివరణకు ఇక్కడ బలం దొరకలేదు. పేగుల బాధ తగ్గడం వల్ల నిద్ర, ఓపిక మెరుగై, నొప్పి తగ్గి ఉండవచ్చన్నది ఎక్కువ నమ్మదగ్గ ఊహ.

మన వంటలో ఈ పద్ధతిని పాటించడం తేలిక కాదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, కాలీఫ్లవర్, మామిడి, పనస, మోతాదు మించిన పప్పులు ఇబ్బంది పెట్టే జాబితాలోకి వస్తాయి. వరి అన్నం, టమాటా, వంకాయ, క్యారెట్, గుడ్డు, చేప, మాంసం వంటివి ఇబ్బంది లేనివి. వెల్లుల్లిలో బాధపెట్టే పదార్థం నూనెలో కరగదు. కాబట్టి రెబ్బలను నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టుకోవచ్చు. ఉల్లిపాయ బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు. ఇంగువ మంచి ప్రత్యామ్నాయమే, కానీ బజారులో దొరికే ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు. గ్లూటెన్ మానాల్సినవారు డబ్బామీద చదివి కొనాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది జీవితాంతం పాటించే పథ్యం కాదు. రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి చేర్చి, నిజంగా పడనివాటినే దూరం పెట్టాలి. ఐబీఎస్ లక్షణాలు లేనివారు దీని జోలికి వెళ్ళడానికి గట్టి కారణం లేదు.

6. టేస్టింగ్ సాల్ట్

ఫాస్ట్‌ఫుడ్ బండ్లమీద, నిల్వ ఉండే చిరుతిళ్ళలో కనిపించే మోనోసోడియం గ్లుటమేట్‌ను మనవాళ్ళు టేస్టింగ్ సాల్ట్ అంటారు. గ్లుటమేట్ నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనం కాబట్టి, నొప్పి పెంచుతుందేమోనన్న ఊహకు కొంత శాస్త్రీయ ఆధారం ఉంది. ఇక్కడ రెండు అధ్యయనాలు రెండు వైపులా నిలబడ్డాయి.

అమెరికాలో 2012లో వెలువడిన అధ్యయనంలో ఫైబ్రోమయాల్జియా, ఐబీఎస్ రెండూ ఉన్న 57 మంది నాలుగు వారాలు ఇలాంటి పదార్థాలన్నీ మానేయాలని మొదలుపెట్టారు. చివరిదాకా పాటించినవారు 37 మంది. వారిలో 84 శాతం మందికి లక్షణాల్లో 30 శాతానికి మించి తగ్గుదల కనిపించింది. తర్వాత వారికే ఏది ఏదో తెలియకుండా ఒకసారి గ్లుటమేట్, మరోసారి ఉత్తి పొడి ఇచ్చారు. గ్లుటమేట్ తీసుకున్నప్పుడు లక్షణాలు తిరగబెట్టాయి. అయితే వాడిన మోతాదు రోజుకు 5 గ్రాములు. మామూలు భోజనంలో చేరే దానికన్నా అది చాలా ఎక్కువ.

స్పెయిన్‌లో 2014లో 72 మంది మహిళలతో చేసిన పరీక్షలో గ్లుటమేట్‌నూ, అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపినీ మానిపించారు. మానినవారికీ మానకుండా వేచి ఉన్నవారికీ మధ్య నొప్పిలో తేడా లేదు. ఈ రెండిటినీ కలిపి చూస్తే, ఐబీఎస్ కూడా ఉన్న కొందరికి గ్లుటమేట్ పడకపోవచ్చు, అందరికీ అదే కారణం అనడం మాత్రం తగదు. నిల్వ చిరుతిళ్ళు తగ్గించడం వల్ల నష్టం ఏమీ లేదు కాబట్టి ఈ ఒక్క ప్రయోగం చేసి చూడడంలో ప్రమాదం తక్కువ.

7. బరువు

ఈజిప్టులో 2012లో ప్రచురితమైన పరీక్షలో స్థూలకాయం ఉన్న 80 మందికి పైగా రోగులు పాల్గొన్నారు. ఆరు నెలల్లో ఆహారం ద్వారా బరువు తగ్గినవారిలో నొప్పి, నిద్ర, రోజువారీ జీవితం రెండో బృందం కన్నా మెరుగయ్యాయి. ఇది లాటరీ పద్ధతిలో చేసిన పరీక్ష కావడం దాని బలం.

ఇక్కడ రోగిని తప్పుపట్టే మాట రాకూడదు. ఈ జబ్బుకు వాడే ప్రెగబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులే బరువు పెంచుతాయి. నొప్పి ఉన్నవారు కదలలేరు, నిద్రలేని శరీరానికి ఆకలి పెరుగుతుంది. బరువు తగ్గించడం వైద్యుడూ రోగీ కలిసి చేయాల్సిన పని. మందు మానేయడమో, పస్తులుండడమో అందుకు మార్గం కాదు.

8. లోపాలు, ఇతర జబ్బులు: ముందు వెతకాల్సినవి

ఇప్పటివరకు ఏవి తీసేయాలన్న వాదనలే చూశాం. ఏది లోపించిందో చూడడం అంతకన్నా ముందు జరగాలి. ఎందుకంటే కొన్ని లోపాలు అచ్చం ఈ జబ్బులాగే కనిపిస్తాయి.

విటమిన్ డి బాగా తగ్గితే ఎముకలు, కండరాలు నొప్పి పుడతాయి. ఎండకు కొదవలేని మన ప్రాంతంలోనూ ఈ లోపం విస్తారంగా ఉందని తిరుపతి శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో హరినారాయణ్ బృందం చేసిన అధ్యయనాలు చూపాయి. 2007 నాటి వారి వ్యాసం భోజనంలో కాల్షియం తక్కువగా ఉండడాన్నీ, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్‌లు ధాన్యాల నుంచి ఎక్కువగా చేరడాన్నీ కూడా ఎత్తిచూపింది. వియన్నాలో 2014లో వెలువడిన పరీక్షలో, విటమిన్ డి తక్కువగా ఉన్న 30 మంది ఫైబ్రోమయాల్జియా మహిళల్లో దాన్ని భర్తీ చేసినవారికి నొప్పి తగ్గింది. ఒళ్ళంతా నొప్పులున్న 50 మందితో 2008లో అమెరికాలో వెలువడిన పరీక్షలో మాత్రం మేలు కనిపించలేదు. లోపం ఉంటే సరిదిద్దాలన్న దానిలో సందేహం లేదు. లోపం లేనివారికి అది నొప్పి మందు కాదు. 60,000 యూనిట్ల మాత్రలనో పొడినో వైద్యుడు చెప్పిన గడువు దాటి నెలల తరబడి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు ముప్పు వస్తుంది.

రక్తహీనత రెండోది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందిలో అలసటకు ఇనుము లోపమే కారణం కావచ్చు, లేదా ఫైబ్రోమయాల్జియా అలసటను అది రెట్టింపు చేయవచ్చు. మాంసం, గుడ్లు ముట్టనివారిలో బి12 లోపం నీరసం, తిమ్మిర్లు తెస్తుంది. థైరాయిడ్ మందగించినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో మరొకటి చూడాలి. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా మించితే దీర్ఘకాలంలో ఎముకలు, కీళ్ళు బిగుసుకుని నొప్పి పెడతాయి. ఎముకలకు సోకే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట 1937లో వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లా రోగులను చూసే. ఆ ఊళ్ళలో నొప్పులతో వచ్చినవారిని తాగేనీరు ఎక్కడిదని అడగకుండా ఏ పేరూ పెట్టకూడదు.

మెగ్నీషియం మీద టర్కీలో 2013లో 60 మంది మహిళలతో జరిగిన ఎనిమిది వారాల పరీక్షలో, అమిట్రిప్టిలిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు కొంత మేలు కనిపించింది. దాన్ని ఇతరులు నిలబెట్టాల్సి ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సొంతంగా వేసుకోకూడదు. పసుపు మాత్రలపై వచ్చిన పరీక్షలు ఎక్కువగా మోకాళ్ళ అరుగుదలకు సంబంధించినవి. పైగా గాఢమైన పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కూరలో వేసే పసుపుతో ఆ భయం లేదు.

9. పేగు సూక్ష్మజీవులు: ఆశ ఉంది, తొందర వద్దు

మాంట్రియల్ పరిశోధకులు 2019లో 77 మంది ఫైబ్రోమయాల్జియా మహిళల పేగు సూక్ష్మజీవులను ఆరోగ్యవంతుల వాటితో పోల్చి తేడాలు గుర్తించారు. 2025లో మరో అడుగు పడింది. రోగుల సూక్ష్మజీవులను ఎలుకల్లో ప్రవేశపెడితే ఎలుకల్లో నొప్పి పెరిగింది. ఆరోగ్యవంతుల సూక్ష్మజీవులను 14 మంది మహిళలకు ఇచ్చినప్పుడు నొప్పి తగ్గింది. పేగులకూ నొప్పికీ సంబంధం ఉందనడానికి ఇది విలువైన ఆధారం. కానీ ఆ 14 మందికీ తాము ఏం తీసుకుంటున్నామో తెలుసు, పోల్చే బృందం లేదు. దీన్ని చూపి ప్రోబయాటిక్ డబ్బాలు అమ్మడానికి ఎవరికీ హక్కు లేదు.

10. తెలుగు కంచానికి వర్తింపు

మన ఇళ్ళలో నొప్పి అనగానే ‘వాతం చేస్తాయి’ అంటూ కందిపప్పు, శనగపిండి, దుంపలు, వంకాయ మానిపిస్తారు. ప్రేమతో చెప్పే మాటే అది. కానీ ఫైబ్రోమయాల్జియాలో వీటిని మానితే నొప్పి తగ్గుతుందని చూపిన పరీక్ష లేదు. పప్పు మానిన శాకాహారి కంచంలో మాంసకృత్తులు పడిపోతాయి, మిగిలేది అన్నమూ చారూ. వ్యాయామమే ప్రధాన చికిత్స అయిన జబ్బులో కండరానికి తిండి లేకుండా చేయడం నష్టం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల నమూనా కంచం ఉంది. రోజుకు ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. మన కంచంలో అన్నం దీనికన్నా ఎక్కువ, కూర దీనికన్నా తక్కువ. ఈ రెండిటినీ సరిచేయడమే చాలామందికి మొదటి మార్పు కావాలి. జొన్న, సజ్జ, రాగి గ్లూటెన్ లేనివే. వాటిని పీచు కోసం, ఖనిజాల కోసం తినాలి, నొప్పికి మందు అని కాదు. అమిట్రిప్టిలిన్ వాడేవారికి మలబద్ధకం సాధారణం కాబట్టి పీచూ నీళ్ళూ మరీ అవసరం.

కాఫీ, టీ పూర్తిగా మానక్కర్లేదు. అయితే కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. గాఢనిద్రకు భంగం కలిగిస్తే ఆరోగ్యవంతుల్లో కూడా ఒళ్ళునొప్పులు పుట్టాయని 1975లోనే కెనడా పరిశోధకులు చూపారు. కాబట్టి సాయంత్రపు కప్పును మధ్యాహ్నంలోపే ముగించడం మందు ఖర్చు లేని ప్రయత్నం.

మరో సంగతి పరిశోధన పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఈ జబ్బు ఉన్నది ఎక్కువగా ఆడవారికి, ఇంట్లో వంట చేసేది కూడా తరచు వారే. ఇంటిల్లిపాదికీ ఒక వంట, తనకు వేరే పథ్యం వంట అంటే పొయ్యి దగ్గర నిలబడే సమయం రెట్టింపవుతుంది. అలసటను పెంచే పథ్యం మేలు చేసేది కాదు. ఆహారం మార్చాలంటే ఇల్లంతా కలిసి మారాలి, కూరలు తరగడంలో, పొయ్యి దగ్గర నిలబడడంలో మిగతావారు పాలు పంచుకోవాలి.

11. సొంతంగా పరీక్షించుకునే పద్ధతి

ఏదైనా పదార్థం పడడం లేదనిపిస్తే ఈ క్రమం పాటించవచ్చు. మొదట రెండు వారాలు ఏమీ మార్చకుండా నొప్పి, అలసట, నిద్రలకు రోజూ 0 నుంచి 10 వరకు అంకె వేసుకోవాలి. ఆ తర్వాత ఒకే ఒక్క మార్పు, నాలుగు వారాలు. ఆ సమయంలో మందులు, వ్యాయామం మార్చకూడదు. సగటు నొప్పి 30 శాతం దాకా, లేదా రెండు అంకెలు తగ్గితే దాన్ని పట్టించుకోదగ్గ మార్పుగా వైద్యులు లెక్కిస్తారు. తగ్గినా ఆగకుండా, మానిన పదార్థాన్ని తిరిగి తిని చూడాలి. నొప్పి మళ్ళీ పెరిగితేనే అనుమానానికి బలం. పెరగకపోతే ఆ పదార్థం కంచంలోకి తిరిగి రావాలి.

గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు, ఇప్పటికే బరువు తక్కువగా ఉన్నవారు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఇది చేయకూడదు. ఈ జబ్బుకు ఇచ్చే డులాక్సెటిన్ వంటి మందులు వాడేవారు 5-హెచ్‌టీపీ, సెయింట్ జాన్స్ వర్ట్ వంటి ‘సహజ’ మాత్రలు కలిపితే మెదడులో సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు.

12. ముగింపు

పాతికేళ్ళ అధ్యయనాలను వరుసగా చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. నిర్దిష్టమైన సమస్య ఉన్నచోట, అంటే విటమిన్ లోపం, పేగుల బాధ, అధిక బరువు ఉన్నచోట, దానికి తగిన ఆహార మార్పు కొంత ఫలితమిచ్చింది. సమస్య ఏదో చూడకుండా అందరికీ ఒకే పథ్యం పెట్టినచోట ఫలితం నిలవలేదు. కాబట్టి ఆహార సలహా ఇచ్చేముందు రక్తపరీక్ష, పేగుల గురించి నాలుగు ప్రశ్నలు, నిద్ర గురించి రెండు ప్రశ్నలు, వాడుతున్న మందుల జాబితా ముందుండాలి.

తెలుగు రాష్ట్రాల్లో మన భోజనంతో, మన రోగులతో, పోల్చే బృందంతో చేసే పరీక్షలు అవసరం. అన్నం, పప్పు, పెరుగు తినేవారికి ఐరోపా పరీక్షల జవాబు సగమే వర్తిస్తుంది. ఆ పరీక్షలు వచ్చేదాకా వైద్యులూ ఇంట్లోవాళ్ళూ ఒక నియమం పాటించవచ్చు. నొప్పిని నమ్మండి, లోపాన్ని వెతకండి, ఒక్కో మార్పునే పరీక్షించండి, రుజువు కాని పథ్యంతో తినే సంతోషాన్ని తీసేయకండి. ఈ జబ్బు ఇప్పటికే వారి దగ్గర చాలా తీసుకుంది.